సూది చూపే ఉత్తరం, చుక్క చూపే ఉత్తరం

పిల్లలూ,

నక్షత్రాల చార్టులో రాసిన డిగ్రీలు (ఉత్తరం సున్నా, అక్కడి నుంచి తూర్పు వైపుగా లెక్క) దిక్సూచితో కొలిచి చూసినా, అక్కడ ఉండాల్సిన నక్షత్రం కనపడలేదని రాశారు. చార్టులో తప్పు లేదు, దిక్సూచి పాడవలేదు. ఆ రెండూ అనుకునే ఉత్తరాలు వేరు, అంతే.

చార్టుకి ఉత్తరమంటే భూమి తిరిగే అక్షం ఉన్న ధ్రువం. సూదికి ఆ సంగతి తెలియదు. భూమి అయస్కాంత క్షేత్రం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఈ తేడా కోణాన్నే దిక్పాతం అంటారు. ఊరూరికీ మారుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ కూడా మారుతుంది. ఎందుకంటే ఆ క్షేత్రం భూమి లోపల కరిగి కదులుతున్న ఇనుములో పుడుతోంది. లండన్‌లో 1580లో సూది సుమారు 11 డిగ్రీలు తూర్పుకు తిరిగి ఉండేది, 1820 ప్రాంతంలో 24 డిగ్రీలు పడమరకు! అందుకే పాత మ్యాపు అంచున ఉన్న దిక్పాతం అంకెను నమ్మకండి.

ఇక లెక్క. సూది 10 డిగ్రీలు తూర్పుకు తిరిగే చోట ఉన్నారనుకోండి. చార్టు 120 డిగ్రీలు అంటే దిక్సూచి మీద 110 దగ్గర చూడాలి, ఎందుకంటే సూది ముందే 10 డిగ్రీలు అటు జరిగిపోయింది. పడమరకు తిరిగే చోటైతే 130 దగ్గర. ప్లస్సా, మైనస్సా అని సూత్రాలు బట్టీ పట్టొద్దు, కాగితం మీద రెండు బాణాలు గీసుకుంటే తేలిపోతుంది. ఆకాశంలో 10 డిగ్రీలంటే ఎంతనుకున్నారు, చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు అంత. వట్టి కళ్లతో చూసేవాళ్లకి ఒకటి రెండు డిగ్రీల తేడా అయితే ఈ గొడవంతా అక్కర్లేదు.

మీ చోట దిక్పాతం ఎంతో మీరే కొలవొచ్చు, నాకు బాగా నచ్చిన పని ఇదే. సప్తర్షుల్లో గరిటె గిన్నెకి తోకకు ఎదురు అంచున రెండు చుక్కలుంటాయి, అడుగున ఉన్నది పులహుడు, పైన ఉన్నది క్రతువు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, వాటి మధ్య దూరానికి ఐదు రెట్లు సాగదీయండి, ధ్రువనక్షత్రం తగులుతుంది. సప్తర్షులు కిందికి దిగిపోతే శర్మిష్ఠ (W ఆకారంలో ఉండే నక్షత్రాల గుంపు, కాసియోపియా) సాయం తీసుకోండి. ధ్రువనక్షత్రం అసలు ధ్రువానికి ఒక డిగ్రీ కూడా దూరంలో లేదు. దాని కింద నేల మీద ఒక గుర్తు చూసుకుని, దిక్సూచితో ఆ దిక్కు కొలవండి. 350 వచ్చిందా? మీ దగ్గర సూది 10 డిగ్రీలు తూర్పుకు తిరుగుతోంది. 10 వచ్చిందా? పడమరకు. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లకి ఈ వీలు లేదు పాపం, ధ్రువనక్షత్రం వాళ్లకి కనపడదు. వాళ్లు తాజా అయస్కాంత పటం చూసుకోవచ్చు. ఆ అంకెలిచ్చే ప్రపంచ అయస్కాంత నమూనాను ఐదేళ్లకోసారి సరిచేస్తారు.

కొలిచేటప్పుడు కారుకీ ఇనప స్టాండుకీ దూరంగా నిలబడండి, ఫోను జేబులోంచి తీసి దూరంగా పెట్టండి. ఫోనులోని దిక్సూచే వాడితే మాత్రం ముందు సెట్టింగ్స్ చూడండి. అసలు ఉత్తరం చూపించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే అది దిక్పాతాన్ని తనే సరిచేసేస్తుంది, మీరు మళ్లీ కలపడం, తీసెయ్యడం చెయ్యకండి.

కొలిచి, ఎంత వచ్చిందో రాయండి.

మీ తాతయ్య