చేరిన తేదీ: పల్లె అయ్యవారి పింఛను వెనుక రెండు వందల ఏళ్లు

పలమనేరు వైపు ఒక పల్లెలో నాకు ఓనమాలు దిద్దించిన అయ్యవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఏటా ఒకసారి సబ్ ట్రెజరీకి వెళ్లి, తాను బతికే ఉన్నట్టు వేలిముద్ర వేసి వస్తారు. వేలి గీతలు అరిగిపోయాయి. యంత్రం ఒకటికి నాలుగుసార్లు నిరాకరిస్తుంది. పక్కన నిలబడి ఓపిగ్గా మళ్లీ మళ్లీ వేలు పెట్టించేది ఆయన కూతురు. ఆమె కూడా ప్రభుత్వ బడిలోనే టీచరు. తండ్రికి ఉన్న పింఛను ఆమెకు రాదు. ఒకే ఇల్లు, ఒకే వృత్తి. తేడా అంతా సర్వీసు పుస్తకం మొదటి పుటలో ఉంది. ఆయన 1964లో చేరారు, ఆమె 2005లో. పాత పింఛను తిరిగి కావాలని ఉపాధ్యాయులు ఎందుకు ఇన్నేళ్లుగా రోడ్డెక్కుతున్నారో తెలియాలంటే, ఈ తేదీలకు అంత బలం ఎక్కడిదో చూడాలి.

‘బతకలేక బడిపంతులు’ అన్న మాట ఎవరో హాస్యానికి పుట్టించింది కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల వారీగా బడుల లెక్క తీయించాడు. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. 1826 నాటికి తేలిన మొత్తం లెక్క ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులున్నాయి. అయ్యవారి సంపాదన నెలకు ఆరేడు రూపాయలకు మించడం లేదని, ఆ డబ్బుకు తగిన అర్హత ఉన్నవాళ్లు ఈ వృత్తిలోకి రారని మన్రో స్వయంగా రాశాడు. కొత్తగా పెట్టదలచిన తాసీల్దారీ బడుల అయ్యవార్లకు నెలకు తొమ్మిది రూపాయలు, కలెక్టరేట్ బడుల వారికి పదిహేను ఇవ్వాలన్నది నాటి ప్రతిపాదన. పదేళ్ల ప్రాంతంలోనే ఆ ఏర్పాటు మూలపడింది.

వీధి అరుగు మీద బడి నడిపిన ఆ అయ్యవారికి పిల్లల ఇళ్ల నుంచి గింజలు, కూరగాయలు, నూనె వచ్చేవి. దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే కానుకలు దక్కేవి. పంటలు పండిన ఏడు బాగానే గడిచేది. కానీ గొంతు పోయి, చూపు మందగించి, బడి నడపలేని రోజు వచ్చాక ఆయనకు ఎవరు పెట్టేవారు? ఈ ప్రశ్నకు ఆ కాలపు ఏర్పాట్లలో జవాబే లేదు. కొడుకులు ఉంటే కొడుకులు, లేకుంటే ఊరి దయ.

19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ‘ఫలితాల గ్రాంటు’ అనే పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను ఒక్కొక్కరినే పరీక్షించి, ఎందరు గట్టెక్కారో చూసి డబ్బు మంజూరు చేసేవాడు. అంటే ఏడాది పొడుగునా పడిన కష్టానికి ఒక్క రోజు తీర్పు. ఆ రోజున జ్వరంతో ఎంతమంది పిల్లలు పడకేస్తే అంత నష్టం అయ్యవారిదే. 1884 స్థానిక బోర్డుల చట్టం, 1920 ప్రాథమిక విద్యా చట్టం బోర్డు బడులను పెంచాయి. వాటితో నెల జీతమైతే వచ్చింది గానీ ముసలితనం సంగతి తేలలేదు. బోర్డు టీచరుకు దాచుకున్న భవిష్యనిధి తప్ప పింఛను ఉండేది కాదు.

చిత్తూరు జిల్లాకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. 1953 అక్టోబరు 1న ఈ జిల్లా మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. రెండేళ్లకే, 1955లో, మద్రాసు ప్రభుత్వం స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల టీచర్లకు పింఛను, భవిష్యనిధి, బీమా కలిపి మూడు ప్రయోజనాల పథకం తెచ్చింది. మొన్నటిదాకా ఒకే రాష్ట్రంలో పాఠాలు చెప్పినవాళ్ల ముసలితనాలు సరిహద్దుకు ఆ పక్కన ఒక తీరు, ఈ పక్కన మరో తీరు అయ్యాయి. ఎవరి పుట్టినరోజున 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటున్నామో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఊరు తిరుత్తణి కూడా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. ఆయన బాల్యంలో కొన్నాళ్లు తిరుపతి మిషన్ బడిలో చదివారు. సెప్టెంబరు 5న కప్పే శాలువాలను నేను తక్కువ చేయను. మా అయ్యవారింట్లో అవి మడతపెట్టి భద్రంగా ఉన్నాయి.

1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. ప్రాథమిక బడులు సమితుల చేతికి వెళ్లాయి. మా అయ్యవారు చేరింది సమితి బడిలోనే. ఐదు తరగతులకు ఆయన ఒక్కరే. జీతం ఒకటో తేదీకి అందిన నెలలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చునని చెబుతారు. కోమటి అంగడిలో అప్పు ఖాతా, పొలం ఉన్న బావమరిది పంపే బియ్యం, వీటితోనే ఆ తొలి ఏళ్లు గడిచాయట.

ఈ చరిత్రలో అన్నింటికంటే పెద్ద మలుపు 1980 ప్రాంతంలో వచ్చింది. 1980 నాటి ఆంధ్రప్రదేశ్ సవరించిన పింఛను నియమావళి 1979 అక్టోబరు 29 నుంచి అమలైంది. పూర్తి సర్వీసు చేసినవారికి చివరి జీతంలో సగం పింఛను, దాని మీద కరువు భత్యం, పోయాక భార్యకో భర్తకో కుటుంబ పింఛను. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో పింఛను యజమాని దయతో ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది. రిటైరైన తేదీని బట్టి పింఛనుదారులను రెండు వర్గాలుగా చీల్చడాన్ని తప్పుపట్టింది. అందుకే డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. దసరా కానుకల కోసం గడప గడపకూ తిరిగిన వృత్తిలో ‘హక్కు’ అన్న మాట వినడానికి ఇంత కాలం పట్టింది.

ఆ తీర్పు వచ్చిన రెండు నెలలకే, 1983లో, రాష్ట్రం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించింది. 55 దాటినవాళ్లు ఉన్నపళంగా ఇంటికి వెళ్లారు. తర్వాత మళ్లీ 58 అయింది గానీ మధ్యలో వెళ్లినవాళ్లు పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి రాలేదు. ఆ దశాబ్దంలోనే నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను తీసుకున్నారు. ఆ కాలాన్ని ఇంక్రిమెంట్లకు లెక్కించాలన్న గొడవ వాళ్లు రిటైరయ్యే దాకా వెంటాడింది.

మా అయ్యవారు 58 ఏళ్లకు విరమణ పొందారు. కూతురి పెళ్లి కోసం పింఛనులో 40 శాతాన్ని కమ్యుటేషన్ చేసి ఒకేసారి తీసుకున్నారు. ఆ భాగం తిరిగి కలవడానికి పదిహేనేళ్లు పడుతుంది. దాన్ని చూడాలంటే 73 దాకా బతకాలి. ఆయన చూశారు. తనతో పనిచేసిన చాలామంది చూడలేదని ఆయనే లెక్కచెప్పి ఊరుకుంటారు. 70 ఏళ్లకు 10 శాతం, 75కు 15 శాతం అదనపు పింఛను ఉండగా, 2022 పీఆర్సీ (వేతన సవరణ)లో అవి 7, 12 శాతాలకు తగ్గాయి. మందుల ఖర్చు పెరిగే వయసులోనే ఈ కోత పడింది. దీన్ని సమర్థించడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు.

కూతురి కథ వేరు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి రాష్ట్రం సీపీఎస్, అంటే ఉద్యోగి వాటాతో నడిచే పింఛను పథకం, అమలు చేసింది. మూలవేతనం, కరువు భత్యంలో పదో వంతు ఉద్యోగి నుంచి, అంతే ప్రభుత్వం నుంచి జమవుతుంది. ఆ డబ్బు మార్కెట్లో పెరగవచ్చు, తరగవచ్చు. చివర్లో కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా సొమ్ము ఇచ్చే బీమా పథకం, కొనాలి. దాని మీద వచ్చే మొత్తానికి కరువు భత్యం ఉండదు. 2023లో రాష్ట్రం హామీతో కూడిన పింఛను చట్టం చేసినా, సంఘాలు పాత విధానమే కావాలన్నాయి.

ఆమె రాసింది టీచర్ల నియామక పరీక్ష, 2003 డీఎస్సీ. నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాష్ట్రంలో పాత పింఛనే ఉంది. నియామకం ఆలస్యమై గడువు దాటింది. ఆ ఆలస్యంలో అభ్యర్థుల తప్పు ఏమీ లేదు. 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన ఖాళీల్లో చేరిన కేంద్ర ఉద్యోగులకు పాత పింఛను ఎంచుకునే అవకాశం ఇస్తూ కేంద్రం 2023 మార్చి 3న మెమో 57 ఇచ్చింది. అదే న్యాయం తమకూ వర్తింపజేయాలని 2003 డీఎస్సీ టీచర్లు అడుగుతున్నారు. నకారా తీర్పు తేదీల గీతను తప్పుపట్టిన దేశంలో ఇది గొంతెమ్మ కోరిక అని ఎలా అనగలం?

ఈసారి ట్రెజరీ నుంచి వచ్చేటప్పుడు ఆమె సంచిలో తండ్రి పింఛను పుస్తకంతో పాటు ఆ నోటిఫికేషన్ నకలు కూడా ఉంది. మడతల దగ్గర చినిగితే వెనక కాగితం అంటించింది. బస్సులో అయ్యవారు దాన్ని విప్పి, కళ్లజోడు సర్దుకుని, పాఠం చదివినట్టు మొదటి నుంచి చివరి దాకా చదివారు.