తాబేటి డిప్పకు కిటికీ ఎక్కడ?

మా పక్కింటివాళ్ల తాబేలు వారంగా తిండి ముట్టడం లేదు. కళ్ల వెనక ఎర్రటి చారలుండే అమెరికా జాతి అది. నెల్లూరు అంగడిలో కొన్నప్పుడు పిల్లవాడి గుప్పిట్లో ఇమిడిపోయేది, ఇప్పుడు పళ్లెమంత అయింది. అద్దాల తొట్టి గోడను వెనక కాళ్లతో గీకుతూ కుదురు లేకుండా తిరుగుతోంది. గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటోందేమోనని పశువైద్యుడిగారి అనుమానం.

"ఇంట్లో మగది లేదు కదండీ" అంది పిల్లల తల్లి.

"కోళ్ల ఫారంలో పుంజు ఉంటుందామ్మా?" అన్నారాయన.

పొదిగినా పిల్లలు రాని గుడ్లే అయినా, కడుపులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి తెస్తాయి. లోపల ఏముందో చూడాలి. గేదెల చూలు పరీక్షించే స్కానింగ్ యంత్రానికే కుక్కపిల్లల కోసం తెచ్చుకున్న చిన్న ప్రోబు, అంటే ఒంటికి ఆనించి శబ్దం పంపే పరికరం, తగిలించారు.

సముద్రంలో చేపల గుంపును పసిగట్టడానికి మన మరపడవల్లో వాడే యంత్రానికి ఇది దగ్గరి చుట్టం. పడవ యంత్రం నీళ్లలోకి శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు లెక్కగడుతుంది. ప్రోబు అదే పని ఒంట్లో చేస్తుంది. మెత్తటి కండలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది కాబట్టి, 5 సెంటీమీటర్ల లోతున ఉన్న గుడ్డును తాకి తిరిగి రావడానికి సెకనులో లక్షో వంతులు ఆరున్నర చాలు. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాలు దాటితే వినపడదు. ఇలాంటి చిన్న జీవులకు వాడే శబ్దం కోటి కంపనాల దాకా ఉంటుంది. కంపనాలు పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తుంది, కానీ శబ్దం లోతుకు దిగదు. గేదె పొట్టకు అది ఇబ్బందే, తాబేలుకు కాదు.

తాబేలుతో వచ్చే చిక్కు వేరు. డిప్ప అంతా ఎముక, శబ్దాన్ని లోపలికి పోనివ్వదు. పైడిప్పను అంటుకుని ఊపిరితిత్తులు ఉంటాయి; గాలి ఎదురైతే శబ్దం దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. ప్రోబుకూ చర్మానికీ మధ్య జెల్ పూసేది కూడా ఆ గాలిని తప్పించడానికే. ఇక మిగిలినవి నాలుగు సందులు: మెడకూ ముందుకాలికీ మధ్య అటొకటి ఇటొకటి, వెనక తొడల ముందు గుంటలు రెండు. ముందు సందులోంచి గుండె, వెనక గుంటలోంచి అండాశయాలు, మూత్రాశయం కనిపిస్తాయి. తాబేలు కాళ్లు ముడుచుకుందంటే ఆ కిటికీలు కూడా మూసుకుపోతాయి.

డాక్టరుగారు తొందరపడలేదు. జెల్ సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తాబేలు తనంతట తాను కాలు బయటపెట్టేదాకా ఆగారు. పెట్టగానే రెండు వేళ్లతో పట్టి మెల్లగా వెనక్కి లాగి, ఆ గుంటలో ప్రోబు ఆనించారు. తెర మీద మొదట బూడిదరంగు మసక. కాస్త వంచితే గుండ్రటి ఉండలు రెండు మూడు: ఇంకా పెంకు కట్టని పచ్చసొనలు. ఇంకాస్త పక్కకు తిప్పితే తెల్లగా మెరిసే విల్లులాంటి గీత, దాని వెనక చీకటి. పెంకు శబ్దాన్ని ఆపేస్తే పడే నీడ అది. పెంకు కట్టని సొనలు ఎక్స్‌రేకు ఆనవు, స్కానింగ్‌కు దొరుకుతాయి. గుడ్లు లెక్కపెట్టాలంటే మాత్రం ఎక్స్‌రేనే నయం.

పాముకు డిప్ప బాధ లేదు. అయితే వదులైన కుబుసం కింద గాలి చేరితే బొమ్మ చెదిరిపోతుంది, అందుకే గోరువెచ్చని నీటి తొట్టిలో ఉంచి నీళ్లలోంచే చూడటం ఒక పద్ధతి. ఇగువానా అనే పెద్ద బల్లి గుండె భుజాల ఎముకల మధ్య దాక్కుంటుంది కాబట్టి చంకలోంచి వెతకాలి. ఉడుముకు అదే గుండె చాలా వెనక్కి ఉంటుంది. బల్లి జాతే కదా అని ఒకే చోట వెతికితే దొరకదు. ఈ గుండెలకు రక్తం వచ్చి చేరే గదులు (కర్ణికలు) రెండు, బయటికి పంపే గది (జఠరిక) ఒక్కటే. నాలుగు గదుల గుండె సరీసృపాల్లో మొసళ్లకే ఉంది.

"మా ఊరి మెట్టలో చుక్కల తాబేళ్లు దొరుకుతాయి, ఒకటి తెచ్చుకోవచ్చా?" అని పెద్ద పిల్లవాడు అడిగాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదని ఒక్క ముక్కలో తేల్చేసి, ఆయన ఎక్స్‌రేకు చీటీ రాశారు.

ఎక్స్‌రేలో ఏడు గుడ్లు కనిపించాయి. పెన్నా ఇసుక తడిపి లోతైన తొట్టిలో నింపి తాబేలును అందులో వదిలారు. నాలుగో రోజు తెల్లవారేసరికి ఇసుక గుంతలో ఆరు గుడ్లున్నాయి. పిల్లలు రెండుసార్లు లెక్కపెట్టారు. ఆ సాయంత్రమే మళ్లీ ఆ గదిలో, జెల్ సీసా గోరువెచ్చని నీళ్లలో, తాబేలు కాలు బయటపెట్టే క్షణం కోసం అందరం ఎదురుచూస్తూ కూర్చున్నాం.