ధాతువు ఒకటే, గనులు వేరు

థాయ్‌లాండ్ బడుల్లో రసాయనశాస్త్రపు ఆవర్తన పట్టికను 'తారాంగ్ థాట్' అంటారు. పక్కనున్న లావోస్ రాజధాని వియెంటియాన్‌లో బంగారు పూత స్తూపం పేరు 'ఫా థాట్ లువాంగ్'. రెండింట్లోనూ వినిపించే 'థాట్' మన ధాతువే. హైడ్రోజన్‌కీ బుద్ధుడి అస్థికలకీ ఒకే మాట ఎలా సరిపోయింది? హిందీవాళ్లకు ధాతు అంటే లోహం. తమిళంలో 'తాదు' ముడి ఖనిజం, పుప్పొడి కూడా. మన ఊళ్లలో నాటువైద్యుడు ధాతువు చూస్తానంటే చెయ్యి పట్టుకుని నాడి చూస్తాడు. వ్యాకరణం మాస్టారికేమో అది క్రియకు మూలం. గోడల మీది 'ధాతుపుష్టి' ప్రకటనల గురించి చెప్పనక్కర్లేదు.

నిఘంటువులు వీటికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఊరుకుంటాయి. దాంతో సంబంధం లేని అర్థాలన్నీ ఒకచోట పోగుపడ్డట్టు ఉంటుంది. నిజానికి ఏ శాస్త్రానికి ఆ శాస్త్రం, తాను విడగొట్టగలిగినంత విడగొట్టాక మిగిలినదానికి పెట్టుకున్న పేరిది.

మాట పుట్టుక సులువే. 'ధా' అంటే పెట్టు, నిలుపు. దానికి 'తున్' ప్రత్యయం చేరితే ధాతు. సేతువు, తంతువు, సత్తుపిండిలోని 'సక్తు' కూడా ఇదే ప్రత్యయంతో తయారైనవే. ఋగ్వేదంలో 'త్రిధాతు' అంటే మూడు పొరలది, మూడు పేటలది అని. అంటే మొదట ఇది పొర, పేట. పదార్థం అన్న అర్థం తర్వాతిది.

పాణినీయుల ధాతుపాఠంలో, అంటే క్రియామూలాల పట్టికలో, దాదాపు 2000 ధాతువులు, పది గణాలు (తరగతులు). అందులో ధాతువు ఉన్నదున్నట్టు వాడుకోవడానికి పనికిరాదు, శుద్ధి చెయ్యాలి. 'ధా'నే తీసుకోండి. పట్టికలో అది 'డుధాఞ్' అని ఉంటుంది. ముందున్న డు, వెనకున్న ఞ్ రెండూ గుర్తులు. ఞ్ ఉంటే పరస్మైపదం, ఆత్మనేపదం అనే రెండు రకాల క్రియారూపాలూ వస్తాయి: దధాతి, ధత్తే. డు ఉన్న ధాతువుకు 'క్త్రి' అనే ప్రత్యయం చేర్చవచ్చు. 'డుకృఞ్' నుంచి 'కృత్రిమం' వచ్చింది అలాగే. భజగోవిందంలో 'డుకృఞ్ కరణే' అని పాడుకునేవాళ్లలో చాలామందికి అది ధాతుపాఠంలోని ఒక పద్దు అని ఎవరూ చెప్పి ఉండరు.

గుర్తులు రాలగొట్టాక ధా మిగిలింది. ఇది మూడో గణం కాబట్టి రెట్టించాలి: ధాధా. మొదటిదానికి హ్రస్వం: ధధా. దాని ఒత్తు తీసెయ్యాలి: దధా. తి చేర్చితే దధాతి. ఉపసర్గ ముందుండి 'కి' ప్రత్యయం వస్తే చివర 'ధి' తేలుతుంది: నిధి, విధి, సంధి, పరిధి, ఉపాధి, సమాధి. నీటిని పెట్టుకున్నది జలధి. అష్టావధానంలో అవధానం, ప్రశ్నకిచ్చే సమాధానం, శ్రద్ధ, అన్నీ ఈ ఒక్క గనిలోవే.

విద్యార్థి తప్పటడుగు వేసేది 'త' చేరేచోట. అక్కడ ధా కాస్తా 'హి' అయిపోతుంది. అందుకే విహితం, నిహితం, సన్నిహితం, సంహిత. నిఘంటువులో 'హి' దగ్గర వెతికితే 'పంపు' అనే మరో ధాతువు దొరికి దారి తప్పిస్తుంది. పురోహితుడంటే 'పురానికి హితం చేసేవాడు' అని ఉపన్యాసాల్లో చెబుతారు. వినడానికి బాగుంటుంది, కానీ తప్పు. పురః, అంటే ముందు. హిత, అంటే పెట్టబడినవాడు. కర్మలో ముందు నిలబెట్టినవాడు.

ఆయుర్వేదంలో ధాతువులు ఏడు: రసం (అన్నసారం), రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం. ఒకదాని నుంచి మరొకటి పుడుతుందని సిద్ధాంతం. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు దీనికి లెక్క కూడా కట్టాడు. ఒక్కో ధాతువులో రసం 3015 కళల కాలం ఉంటుంది. ఆరు మజిలీలకు 18,090 కళలు. ఆయన కొలతలో ముహూర్తానికి 20 కళలూ ఒక పదోవంతు. రోజుకు 30 ముహూర్తాలు. అంటే రోజుకు 603 కళలు. భాగించి చూడండి: మజిలీకి సరిగ్గా ఐదు రోజులు, మొత్తం ముప్పై రోజులు. శేషం సున్నా! ఇంత శుభ్రంగా తేలిందంటే ఇది శరీరాన్ని కొలిచి తెచ్చిన అంకె కాదు, నెలను ఆరుతో భాగించి కళల్లోకి మార్చినది అనే నా అనుమానం.

మార్పు ఎలా జరుగుతుందన్న దానిపై వ్యాఖ్యాతలు మూడు న్యాయాలు (పోలికలు) చెప్పారు. పాలన్నీ పెరుగైనట్టు ఒక ధాతువు మొత్తం రెండోదిగా మారుతుందనేది క్షీరదధి న్యాయం. కాలువ నీళ్లు ఒక మడి తడిపి పక్క మడికి పారినట్టు అనేది కేదారీకుల్యా న్యాయం. కళ్లంలో వాలిన పావురాలు ఎవరి గింజ వాళ్లు ఏరుకుని తమ తమ దారిన ఎగిరిపోయినట్టు అనేది ఖలేకపోత న్యాయం. మొదటిదాన్ని 11వ శతాబ్దపు చక్రపాణిదత్తుడు నిలదీశాడు: రసమంతా మారిపోయేట్టయితే మూడు నాలుగు రోజులు పస్తుంటేనే ఒంట్లో రసం మిగలక మనిషి చావాలి, నెల పస్తుంటే ఒళ్లంతా శుక్రమే కావాలి! ఇవాళ్టి శరీరశాస్త్రానికి దగ్గరగా ఉన్నది పావురాలదే. ప్రతి కణజాలం నెత్తురు నుంచి తనకు కావలసింది తాను తీసుకుంటుంది. వరస మాత్రం నిలబడదు: పెద్దవాళ్లలో ఎర్రకణాలు తయారయ్యేదే మజ్జలో, అంటే రెండోది ఆరోదానిలోంచి పుడుతోంది.

జనంలో మిగిలింది పావురాలు కాదు, పాలు పెరుగు. శుక్రం అన్నిటికన్నా చివరిది గనుక అన్నిటి సారమనీ, అది పోతే ప్రాణమే పోతున్నట్టనీ భయం. ఈ భయంతో నీరసం, దిగులు అంటూ వచ్చే యువకుల బాధకు 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. వీర్యం పోవడం వల్ల ఒళ్లు చిక్కిపోదు. లేహ్యం డబ్బా అమ్మేవాడికి ఈ మాట చెప్పే అవసరం లేదు.

దిగంబర జైనులు ఈ ఏడు ధాతువుల్ని తర్కంలోకి దింపారు. కేవలజ్ఞాని (సర్వజ్ఞత పొందినవాడు) శరీరం స్ఫటికంలా శుద్ధమై సప్తధాతువులు లేనిదవుతుంది, కాబట్టి ఆయనకు అన్నం అక్కర్లేదని వారి వాదన. శ్వేతాంబరులు ఒప్పుకోలేదు.

బౌద్ధులకు ధాతువులు పద్దెనిమిది: కన్ను మొదలు మనసు దాకా ఆరు ఇంద్రియాలు, వాటి ఆరు విషయాలు, ఆరు విజ్ఞానాలు. వీటిని ధాతువులని ఎందుకన్నారో బౌద్ధ తత్త్వవేత్త వసుబంధు చెప్పాడు: ఒకే కొండలో ఇనుము, రాగి, వెండి, బంగారం గనులుంటే వాటిని ధాతువులన్నట్టే, ఒకే మనిషిలో ఈ పద్దెనిమిదీ. లోహమూ కంటిచూపూ కలిసే చోటు ఇదే. అర్థశాస్త్రంలో గనుల అధికారికి ధాతుశాస్త్రం తెలిసి ఉండాలనడం కూడా ఈ గని అర్థంలోనే.

దహనం తర్వాత ఇక విడగొట్టలేనిదిగా మిగిలే అస్థిక కూడా ధాతువే. అది గర్భంలో ఉన్నది ధాతుగర్భం. సింహళంలో స్తూపాన్ని 'దాగబ' అనేది అందుకే. మన నేల మీద అస్థికలకు 'శరీరం', 'ధాతువు' అనే రెండు వాడుకలూ కనిపిస్తాయి. భట్టిప్రోలు రాతి పేటిక మీద 'బుధసరిరానం' అని, అంటే బుద్ధ శరీరాలని ఉంది. తర్వాత 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ మహాచైత్య శాసనాలు 'ధాతువర పరిగహిత' (ఉత్తమ ధాతువు కలిగినది) అంటాయి.

ఒక జాగ్రత్త. అరవై ఏళ్ల చక్రంలో పదోది 'ధాత'. అది ధాతువు కాదు, అదే 'ధా'కు వేరే ప్రత్యయం చేరిన 'ధాతృ', నిలిపేవాడు. 1876లో మొదలైన మహాక్షామాన్ని మనం ధాత కరువు అంటే, తమిళులు 'తాదు వరుషప్ పంజం' అని దాన్ని ధాతువులో కలిపేశారు.