తుడిచే ముందు

పిల్లలూ,

మొన్న చిట్టితల్లి ఫోన్ చేసి, "తాతయ్యా, నేను ల్యాప్‌టాప్‌లో వేసిన ముగ్గు తెరిచి అమ్మమ్మకి చూపించవా" అని అడిగింది. తెరిస్తే తెల్ల పేజీ తప్ప ఏమీ లేదు. ఆ ముగ్గు పోగొట్టింది నేనే తల్లీ. ఎలా పోయిందో ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. పెద్దోడా, ఇందులో నీకూ ఒక పని ఉంది, చివరిదాకా చదువు.

సంక్రాంతి అయ్యి మీరు ఊరెళ్లిన మర్నాడు ల్యాప్‌టాప్‌ని రిపేరుకి ఇవ్వాల్సి వచ్చింది. ఇచ్చే ముందు బ్రౌజరు తెరిస్తే పెద్దోడి మెయిల్ తెరుచుకుంది. నేను ఒక్కటీ చదవలేదు. కానీ షాపులో ఎవరైనా చదివితే ఎలా అని టెన్షన్ పట్టుకుంది. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కాను. వచ్చిన పెట్టెలో 'ఆల్ టైమ్' ఎంచుకుని, కనబడిన గడులన్నిటికీ టిక్ పెట్టి తుడిచేశాను. మెయిల్ లాగిన్‌తో పాటు ముగ్గూ పోయింది. ఆ రెండూ ఒకే రకం వస్తువులు కావని అప్పుడు ఆలోచించలేదు.

వెబ్‌సైటుకి తనంతట తనకు మనం గుర్తుండం. పేజీ అడిగితే ఇస్తుంది, మరుక్షణం మనమెవరో దానికి తెలియదు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీలో పనిచేసే లూ మాంటూలి అనే కుర్రాడు దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీ ఆన్‌లైన్ దుకాణం పెట్టాలనుకుంది. జనం సగం నింపి వదిలేసిన బుట్టల లెక్కంతా తన కంప్యూటర్లలో మోయడం దానికి ఇష్టం లేదు. అయితే ఆ చిన్న లెక్కను కొనేవాళ్ల బ్రౌజర్‌లోనే దాచి, వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు తిరిగి చూపించేలా చేద్దాం అనుకున్నాడు. అలాంటి చిన్న డేటా ముక్కని ప్రోగ్రామర్లు అప్పటికే మ్యాజిక్ కుకీ అనేవారు. ఆ పేరే నిలిచింది.

అన్నవరంలో గుడికి వెళ్లినప్పుడు చెప్పులిచ్చి టోకెన్ తీసుకున్నాం, గుర్తుందా? స్టాండులో అతను మన మొహం చూడడు, టోకెన్ మీద నంబరు చూస్తాడు. కుకీ అలాంటి టోకెనే. పెద్దోడు పాస్‌వర్డ్ ఒకసారి కొట్టగానే సైటు ఒక టోకెన్ ఇచ్చింది. ఆ తర్వాత ప్రతి పేజీకీ బ్రౌజరే దాన్ని చూపిస్తూ వచ్చింది. అందుకే నేను తెరిచినా పెద్దోడి మెయిలే వచ్చింది. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవి.

ఇంకో రకం టోకెన్లు కూడా ఉన్నాయి, అవి నాకు బొత్తిగా నచ్చవు. మనం ఒక సైటుకి వెళ్తాం, ఆ పేజీలో వేరే కంపెనీ వాడి ప్రకటన ఉంటుంది. వాడూ తన టోకెన్ ఒకటి మన బ్రౌజరులో పెడతాడు. తర్వాత ఎక్కడెక్కడ వాడి ప్రకటన ఉంటే అక్కడల్లా అదే నంబరు కనబడుతుంది, మనం ఎక్కడెక్కడ తిరిగామో వాడికి తెలిసిపోతుంది. వీటిని థర్డ్ పార్టీ కుకీలంటారు. యాపిల్ వాళ్ల బ్రౌజరు సఫారీ 2020 నుంచి వీటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజరు 2022 నుంచి ఏ సైటు టోకెన్లు ఆ సైటు డబ్బాలోనే ఉండేలా విడగొట్టింది. క్రోమ్‌లో మాత్రం మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపాలి. ఇలాంటివి ఎన్ని తుడిచినా మనకి నష్టం లేదు.

ఇక చిట్టితల్లి ముగ్గు సంగతి. ఒక కుకీలో పట్టేది సుమారు 4 కేబీ. ఈ ఉత్తరాన్ని తెలుగులో టైపు చేస్తే సగం కూడా అందులో పట్టదు. అందుకని బ్రౌజర్లు తర్వాత పెద్ద చోటు ఇవ్వడం మొదలుపెట్టాయి. లోకల్ స్టోరేజ్ అనేదాంట్లో ఒక్కో సైటుకి దాదాపు 5 ఎంబీ దాకా వస్తుంది. ఇండెక్స్‌డ్ డీబీలో అంతకన్నా చాలా ఎక్కువ. ఇది టోకెన్ కాదు, మన ఇంటి అటక. నువ్వు వాడిన బొమ్మల సైటు అకౌంటు అడగలేదు కదా తల్లీ? అంటే నీ ముగ్గు వాళ్ల దగ్గర లేదు, మా అటక మీదే ఉంది, ఒకే ఒక్క ప్రతి. క్రోమ్‌లో 'కుకీస్ అండ్ అదర్ సైట్ డేటా' అని ఒకే గడి ఉంటుంది. దానికి టిక్ పెడితే టోకెన్లతో పాటు అటక కూడా ఖాళీ అవుతుంది. ఆ 'అదర్' అన్న మాట దగ్గర నేను ఆగలేదు.

పక్కనే ఉండే 'క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్' గడికి భయపడక్కర్లేదు. అవి సైటు నుంచి మళ్లీ వచ్చే బొమ్మలే. తుడిస్తే మొదటిసారి పేజీ కాస్త నెమ్మదిగా తెరుచుకుంటుంది, అంతే.

నేను చేయాల్సింది ఇది: ఆ ఒక్క మెయిల్ సైటుదే తుడవడం. క్రోమ్‌లో అడ్రస్‌కి ఎడమవైపు చిన్న గుర్తు నొక్కితే 'కుకీస్ అండ్ సైట్ డేటా' వస్తుంది, అందులోకి వెళ్తే ఆ సైటు పేరు, పక్కన చెత్తబుట్ట గుర్తు. ఫైర్‌ఫాక్స్‌లోనూ అడ్రస్‌కి ఎడమవైపున్న గుర్తే నొక్కి మొదలుపెట్టాలి. మీ ఇంట్లో ఐప్యాడ్ ఉంది కాబట్టి చిట్టితల్లికి ఇంకో మాట. సఫారీలో ఒక సైటుని ముట్టుకోకుండా బ్రౌజరు వాడిన రోజులు 7 అయితే, ఆ సైటు అటక మీద పెట్టుకున్నది సఫారీయే తీసేస్తుంది. బొమ్మ వేయగానే డౌన్‌లోడ్ చేసి ఫోటోల్లో పెట్టుకో.

నెట్ సెంటర్లో, కాలేజీ ల్యాబులో మాత్రం ఇంత చూడక్కర్లేదు. మూసేయగానే టోకెన్లని తనే చెరిపేసే ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి, పని కాగానే లాగౌట్ చేసి ఆ విండోలన్నీ మూసేయండి.

లాగౌట్ అని ఎందుకంటున్నానంటే, పెద్దోడా, ఇది నీ కోసం. నేను చింపింది నా దగ్గరున్న టోకెన్‌ని మాత్రమే. స్టాండు వాడి పుస్తకంలో ఆ నంబరు ఇంకా కొట్టేయలేదు. అంతకుముందే దాన్ని ఎవరైనా కాపీ చేసుకుని ఉంటే, ఇంకా చెల్లుబాటు కావచ్చు. లాగౌట్ చేసి ఉంటే పుస్తకంలోనే కొట్టేసేవాడు. నువ్వు నీ గూగుల్ అకౌంటులో సెక్యూరిటీ పేజీకి వెళ్లు. 'యువర్ డివైసెస్' కింద మా ల్యాప్‌టాప్ కనబడితే సైనౌట్ నొక్కు. ఈ రాత్రికే చెయ్యి నాయనా, చేశాక అమ్మ ఫోన్ నుంచి ఒక మెసేజ్ పెట్టు.

చిట్టితల్లీ, నాకు గుర్తున్నంతవరకు అది సందు చుక్క, 15 నుంచి 8 దాకా, మధ్యలో ఎర్ర తామర. చుట్టూ ఉన్నవి చిలకలా, పావురాలా అన్నది అమ్మమ్మకీ నాకూ తేలడం లేదు. నువ్వు చెబితే రేపు పొద్దున అమ్మమ్మ వాకిట్లో వేస్తానంది, నేను ఫోటో తీసి పంపుతాను.

ప్రేమతో,
మీ తాతయ్య