కరివేపాకుకు మజ్జిగ పోస్తున్నారా? వంటింటి ఆకుల మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో బాల్కనీల్లో, టెర్రస్‌ల మీద వంటకు పనికొచ్చే ఆకుమొక్కలు పెట్టించడం నా పని. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు మనవాళ్లు ఎక్కువ కాబట్టి నాకొచ్చే ప్రశ్నలు కూడా కరివేపాకు, కొత్తిమీర, పుదీనా చుట్టూనే తిరుగుతుంటాయి, ఈమధ్య పిల్లల పిజ్జా పాస్తాల పుణ్యమా అని బేసిల్, రోజ్‌మేరీ కూడా చేరాయి. ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఆకులకు వాసన ఇచ్చేది వాటిలో ఉండే కొద్దిపాటి నూనె, వేడి తగిలితే అది ఇట్టే ఎగిరిపోతుంది. పెంచేటప్పుడు, కోసేటప్పుడు, దాచేటప్పుడు ఆ నూనె ఎక్కడ పోగొట్టుకుంటున్నామో చూసుకుంటే కింద రాసినవాటిలో చాలావరకు మీకే అర్థమైపోతాయి.

అపోహ: కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోస్తే గుబురుగా పెరుగుతుంది

ఎవరింటికి వెళ్లినా పెద్దావిడ ఒకరు తప్పకుండా చెప్పే మాట ఇది. నేను వాదించను, ఎప్పుడో ఓసారి బాగా పల్చగా చేసి ఓ గ్లాసుడు పోస్తే మొక్క చచ్చేదేమీ లేదు. కానీ మజ్జిగే ఎరువు అనుకుని ఇంకేమీ వేయకపోతే మొక్క అలాగే ముడుచుకుని కూర్చుంటుంది, చిక్కటిది పోస్తే పైమట్టి పులిసి కంపు కొడుతుంది, చీమలు చేరతాయి, చిన్న చిన్న నల్ల ఈగలు ముసురుతాయి.

అసలు మజ్జిగ దాకా ఎందుకు వెళ్తారంటే ఆకు పసుపు పడుతుంది కాబట్టి. దగ్గరగా పట్టుకుని చూడండి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపు పడితే మొక్కకు ఇనుము అందట్లేదని అర్థం. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో మొక్కలకు బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో పోస్తారు. సున్నం లాంటి లవణాలు ఎక్కువున్న ఆ గట్టి నీళ్లు పోసి పోసి మట్టిలో క్షారగుణం పెరిగితే, ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు. వాన నీళ్లు పట్టి పోయండి, నర్సరీలో చీలేటెడ్ ఐరన్ (వేళ్లు తేలిగ్గా తీసుకోగలిగే ఇనుము) దొరుకుతుంది, ప్యాకెట్ మీద రాసిన కొలత దాటకుండా వాడండి. అలా కాకుండా ముదురు ఆకులు మొత్తంగా పసుపు పడుతుంటే అది చాలామటుకు నత్రజని లోటు, వర్మికంపోస్ట్ వేస్తే సరిపోతుంది.

గుబురుగా రావాలంటే కత్తెర పట్టాలి. పోపుకు కావాల్సినప్పుడల్లా కింద నుంచి రెమ్మలు దూసుకుంటూ పోతే కొమ్మ బోడిగా పైకి సాగుతుంది. కొమ్మ చివర చిగురుతో సహా కత్తిరిస్తే కింది కణుపుల దగ్గర రెండు మూడు కొత్త కొమ్మలు వస్తాయి. పూత కనిపిస్తే గిల్లేయండి. డిసెంబరు, జనవరి చలికి పెరుగుదల బాగా తగ్గుతుంది, టెన్షన్ పడి ఎరువు కుమ్మరించకండి. అన్నట్టు కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క, అందుకే నిమ్మచెట్టు మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలే దీని మీదా పెడతాయి. ఆకు మీద పిట్ట రెట్టలా ఏదైనా కనిపిస్తే అది పిల్ల గొంగళిపురుగు. చేత్తో తీసేస్తే చాలు, మందు కొట్టక్కర్లేదు. పెద్ద మొక్కైతే నేను ఓ కొమ్మ వాటికే వదిలేస్తాను.

అపోహ: ధనియాలు రెండుగా నలపకపోతే మొలవవు

మొలుస్తాయి. ఒక్కో ధనియంలో రెండు గింజలు అతుక్కుని ఉంటాయి కాబట్టి, మెల్లగా నలిపి వేస్తే అదే గుప్పెడుతో ఎక్కువ చోట చల్లుకోవచ్చు, అంతే లాభం. మరీ గట్టిగా రుద్దితే గింజ చితికిపోతుంది. రాత్రంతా నానబెట్టి చల్లండి, వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. ట్రేలో నారు పోసి మార్చాలని చూడకండి, దీనికి తల్లివేరు లోతుగా దిగుతుంది, కదిలిస్తే అలిగి పూతకొస్తుంది. మార్చి నుంచి మే దాకా ఎండలకు కూడా అంతే, ఆకు సన్నబడి పూత వచ్చేస్తుంది. మద్రాసులో ఉన్న మా చుట్టాలకైతే మంచి కొత్తిమీర డిసెంబరు, జనవరిలోనే అని చెప్తాను. పూత వచ్చిన మొక్కను పీకి పారేయకండి, పచ్చి ధనియాలు కట్టనివ్వండి. పచ్చడిలో వేసి చూస్తే ఆ రుచి ముందు ఆకు దిగదుడుపే.

అపోహ: ఆకు ఎంత పెద్దగా, పచ్చగా ఉంటే అంత వాసన

ఇక్కడి మార్కెట్లో ‘నాటి’ (కన్నడలో నాటు అని) కొత్తిమీర అడిగి మరీ కొనేవాళ్లను గమనించారా? చిన్న ఆకు, పొట్టి కట్ట, ఇంటికి తెచ్చేదాకా సంచీ అంతా ఘుమఘుమ. నత్రజని ఎరువు, నీళ్లు ఎక్కువైతే ఆకు ఉబ్బుతుంది గానీ రుచి పల్చబడుతుంది. రోజ్‌మేరీ, థైమ్ లాంటివైతే మరీను, ఎరువు, నీళ్లు తక్కువై ఆకలితో ఉంటేనే ఘాటు. రోజ్‌మేరీ చచ్చిపోయిందని నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది దానికి రోజూ రెండు పూటలా నీళ్లు పోసినవాళ్లే. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దింపండి, అక్కడ ఆరితేనే నీళ్లు. పుదీనాకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, దానికి తడి ఉండాల్సిందే.

అపోహ: వంటింటి కిటికీ చాలు

చాలదు. పుదీనా మూడు నాలుగు గంటల ఎండతో సర్దుకుంటుంది, మిగతావాటికి ఐదారు గంటలైనా కావాలి. యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన పెట్టిన బేసిల్ పొడుగ్గా సాగి పడిపోవడం ఖాయం.

అపోహ: ఎండలో పెడితే బాగా ఎండుతుంది

ఎండడం ఎండుతుంది, వాసన కూడా దాంతోపాటే పోతుంది. పూత రాకముందు, పొద్దున్నే మంచు తడి ఆరాక కోయండి, మొక్కలో మూడో వంతు మించి ఒకేసారి తీయకండి. మన ఇంట్లో పెంచిందే కదా అని కడగడం మానేయకండి, ఈ ఊళ్లో పావురాలు వాలని బాల్కనీ ఎక్కడుంది? కడిగి, గుడ్డ మీద తడి పూర్తిగా లాగేశాక నీడలో, గాలి ఆడేచోట పల్చగా పరవండి. ఇక్కడ ఫిబ్రవరి, మార్చిలో గాలి పొడిగా ఉంటుంది, ఇట్టే ఎండుతుంది. వానాకాలంలో మాత్రం ఆకు ఎండేలోపే బూజు పడుతుంది, అప్పుడు ఓవెన్ కనిష్ఠ వేడిలో తలుపు కాస్త తెరిచి పెట్టుకోవడమే దారి. నలిపితే పెళపెళ విరిగితేనే డబ్బాలోకి ఎత్తండి, పొడి చేయకుండా ఆకులాగే దాచండి, స్టవ్ పక్క అరలో పెట్టకండి.

రోజ్‌మేరీ, థైమ్, ఆరిగానో బాగా ఎండుతాయి, పుదీనా ఫర్వాలేదు. కొత్తిమీర ఎండబెట్టడం దండగ, గడ్డి వాసన వస్తుంది. ఫ్రిజ్ కూడా అన్నిటికీ ఒకటే కాదు. కొత్తిమీర గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే హాయిగా ఉంటుంది, బేసిల్ ఆ చలికి నల్లబడిపోతుంది. దాన్ని గ్లాసుడు నీళ్లలో కాడలు మునిగేలా బల్ల మీదే ఉంచండి.

అపోహ: నూనెలో ముంచి ఉంచితే ఏదైనా ఊరగాయలా నిలవ ఉంటుంది

ఇది మాత్రం సరదా అపోహ కాదు, కాస్త జాగ్రత్తగా చదవండి. వెల్లుల్లి, బేసిల్ వేసి ఆలివ్ నూనె పోసి అందంగా సీసా కట్టి గట్టు మీద పెట్టే వీడియోలు చూసి చాలామంది చేస్తున్నారు. మట్టిలో ఉండే క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఆకులకు, వెల్లుల్లికి అంటుకుని వస్తాయి, మామూలుగా మరిగిస్తే చావవు. గాలి తగలని, పులుపు లేని చోట అవి పెరిగి విషం తయారుచేస్తాయి. నూనె చేసే పనే గాలి తగలకుండా మూయడం. రంగు, వాసన, రుచి ఏమీ మారకపోవచ్చు, కానీ ప్రాణం మీదకి తెస్తుంది.

మరి మన గోంగూర పచ్చడి ఏళ్ల తరబడి ఎలా తింటున్నాం అంటారా? దాన్ని కాపాడేది పులుపు, ఉప్పు. గోంగూర పుల్లన, అందులో చింతపండు, ఉప్పు గట్టిగా వేస్తాం, నీరు ఇగిరేదాకా మగ్గిస్తాం. నూనె బూజు పట్టకుండా పైన మూతలా పనిచేస్తుంది. బేసిల్ నూనెలో ఆ పులుపూ లేదు, ఉప్పూ లేదు. చేసుకోవాలనిపిస్తే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి, మిగిలింది పారేయండి.

ఎక్కువ రోజులకు దాచాలంటే ఫ్రీజర్ ఉంది. ఆకు తరిగి ఐస్ ట్రేలో వేసి మునిగేదాకా నీళ్లో నూనో పోసి గడ్డకట్టించి, ముక్కలు సంచీలోకి మార్చుకోండి. కరివేపాకుకైతే అదీ అక్కర్లేదు, కడిగి బాగా ఆరబెట్టి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయడమే, ఎండబెట్టినదానికంటే ఎంతో నయం. ఐస్ ముక్కను మాత్రం కాగే పోపులో వేయకండి, నూనె చిట్లి మొహం మీదకి వస్తుంది. ఉడుకుతున్న పప్పులోనో చారులోనో, దించే ముందు వేసుకోండి.