పెయ్యదూడే కావాలంటే

సంక్రాంతికి చంద్రగిరి వైపు పల్లెల్లో జరిగే పశువుల పండగలో నాటు కోడెకున్న మర్యాద, జెర్సీ ఆవుకు పుట్టిన కోడెదూడకు ఉండదు. మూపురం లేదు కాబట్టి కాడి నిలవదు, ఎండకు ఓర్చుకోదు. దుక్కికి ట్రాక్టరు ఉండనే ఉంది. అందుకే పాలవ్యాన్ తిరిగే ఊళ్ళలో ఆవు ఈనగానే అడిగే మాట ఒకటే: పెయ్యా, కోడెదూడా?

ఇప్పుడు ఆ సంగతి ఆవుకు చూలు సూది (కృత్రిమ గర్భధారణ) వేసేటప్పుడే చాలావరకు తేల్చేయొచ్చు. ఆబోతు వీర్యంలో పెయ్యదూడనిచ్చే ఎక్స్ కణాలు సగం, కోడెదూడనిచ్చే వై కణాలు సగం. ఎక్స్ కణంలో డీఎన్‌ఏ దాదాపు 3.8 శాతం ఎక్కువ. డీఎన్‌ఏకు అంటుకునే రంగు కలిపి, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపిస్తే ఎక్స్ కణం కాస్త ఎక్కువగా మెరుస్తుంది. మిషన్ ఆ మెరుపును పట్టుకుని, కణమున్న బొట్టుకు విద్యుదావేశం ఇచ్చి పక్కకు మళ్ళిస్తుంది. పెయ్యదూడ పుట్టే అవకాశం సుమారు 90 శాతానికి చేరుతుంది. మనుషుల్లో ఆడపిల్ల వద్దని స్కానింగులు చేయించిన దేశంలో, పశువుల పాకలో మాత్రం ఆడదూడ కోసం ఇంత సైన్సు! గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మొద్దు, పదింట ఒకటి కోడెదూడే కావచ్చు.

చిక్కు వేరే చోట ఉంది. రంగు, లేజర్, ఒత్తిడి దాటి వచ్చేసరికి కణాలు నీరసిస్తాయి. పైగా మామూలు స్ట్రాలో (వీర్యం నింపే సన్నటి గొట్టం) సుమారు 2 కోట్ల కణాలుంటే, ఇలా వేరుచేసిన కణాల స్ట్రాలో 20 లక్షల దగ్గరే. చూలు కట్టే అవకాశం తగ్గుతుంది. కాబట్టి ఇది ఆరోగ్యంగా ఎదిగిన తొలిచూలు పెయ్యలకే బాగా పనికొస్తుంది. సూది వేసిన ప్రతిసారీ చూలు నిలవక పొర్లే ఆవుకు వేయిస్తే డబ్బు దండగే.

మిగతాదంతా పాత పనే. మైనస్ 196 డిగ్రీల నత్రజని క్యాన్ మూత తీస్తే తెల్లటి పొగ లేస్తుంది. అందులోంచి పావు మిల్లీలీటరు స్ట్రా తీసి, 37 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ఉంచుతారు. నీళ్ళు మరీ వేడైతే కణాలు చచ్చిపోతాయి. దీనికన్నా ముందు ఆవు ఎదకొచ్చి తీగలు (మానం నుంచి జిగురు) వేస్తోందా, అరుస్తోందా, మేత మానేసిందా అని చూడాల్సింది రైతే. పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది. ఆ పూట జారిపోతే మళ్ళీ 21 రోజులు ఆగాలి. చూలు నిలిచిందీ లేనిదీ స్కానింగులో నెలకే తెలుస్తుంది. చేత్తో చూసి చెప్పాలంటే చాలామంది డాక్టర్లు రెండు నెలలు ఆగమంటారు, అంతవరకూ వట్టి ఆవుకు దాణా ఖర్చే.