ఎన్నారై స్థలం అమ్మితే టీడీఎస్ ఒక్క శాతమేనా? అపోహలు - వాస్తవాలు

డిసెంబరులోనూ వేసవి సెలవుల్లోనూ తిరుపతి ఆడిటర్ల ఆఫీసుల్లో ఒకటే మాట. "కొనేవాళ్లు ఒక్క శాతం టీడీఎస్ కడతారంట సార్, మిగతాదంతా డీడీ ఇచ్చేస్తారంట, గురువారం రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం." టీడీఎస్ అంటే కొనేవారు అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని, అమ్మేవారి పేరున ప్రభుత్వానికి కట్టే పన్ను. డల్లాస్ నుంచో కువైట్ నుంచో రెండు వారాలకు వచ్చి ఉంటారు. పిల్లల పుట్టువెంట్రుకలు కొండమీద తీయించాలి, అమ్మానాన్నలను డాక్టరుకు చూపించాలి, ఆ మధ్యలోనే అవిలాలలోనో పేరూరులోనో ఉన్న స్థలం అమ్మేసి పోవాలి. వాళ్ల తొందర అర్థమవుతుంది. అర్థం కానిది ఆ ఒక్క శాతం మాటను ధీమాగా చెప్పి పంపే బ్రోకర్లు, డాక్యుమెంట్ రైటర్ల తీరు. విదేశాల్లో ఉండే కుటుంబాలకు ఇంటి దగ్గర జరిగే నష్టాల్లో ఇంతకంటే పెద్దది లేదు. అందుకే ఎక్కువ భాగం దీని గురించే రాస్తున్నాను.

అపోహ: ఎవరు అమ్మినా టీడీఎస్ ఒక శాతమే. 50 లక్షల లోపైతే అదీ లేదు.

ఆ ఒక శాతం, ఆ 50 లక్షల పరిమితి రెండూ ఇక్కడ నివాసం ఉండే అమ్మకందారుకే. అమ్మేది ఎన్నారై అయితే కనీస పరిమితి అనేదే లేదు. ఐదు లక్షల స్థలమైనా కొనేవారు టీడీఎస్ పట్టుకోవాల్సిందే. ఆస్తి చేతికొచ్చి 24 నెలలు దాటితే దీర్ఘకాలిక మూలధన లాభం (ఆస్తి అమ్మగా వచ్చిన లాభం) కింద 12.5 శాతం. 2024 జూలై 23 నుంచి ఈ రేటు. దాని మీద సర్‌ఛార్జి, 4 శాతం సెస్సు కలిపితే 50 లక్షల వరకు 13 శాతం, 50 లక్షలు దాటి కోటి వరకు 14.3 శాతం, కోటి దాటితే 14.95 శాతం అవుతుంది. 24 నెలలు నిండకపోతే లెక్క 30 శాతం దగ్గర మొదలవుతుంది.

అసలు దెబ్బ ఎక్కడంటే, పన్ను పడేది లాభం మీద, టీడీఎస్ పట్టేది మాత్రం అమ్మకం ధర మొత్తం మీద. 2010లో 12 లక్షలకు కొన్న వంద అంకణాల స్థలం ఇప్పుడు 80 లక్షలకు పోయిందనుకుందాం. టీడీఎస్ 80 లక్షల మీద 14.3 శాతం, అంటే 11 లక్షల 44 వేలు. లాభం 68 లక్షలు, దాని మీద అసలు పన్ను సర్‌ఛార్జి, సెస్సుతో కలిపి 9 లక్షల 72 వేల చిల్లర. ఆ లాభంలో 50 లక్షలు ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి సంస్థల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెడితే పన్ను వేసే లాభం 18 లక్షలకు తగ్గుతుంది, పన్ను 2 లక్షల 34 వేలకు దిగుతుంది. బాండ్లలో డబ్బు ఐదేళ్లు కదలదు, అది ఒప్పుకుంటేనే ఈ దారి. బాండ్లలో పెడితే టీడీఎస్‌గా పోయినదాంట్లో తొమ్మిది లక్షల పైచిలుకు మీదే, పెట్టకపోయినా లక్షా 70 వేల పైచిలుకు మీదే. రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది గానీ మరుసటి ఏడాదికి గానీ చేతికి రాదు. కూతురి కాలేజీ ఫీజుకని స్థలం అమ్మినవారికి ఆ ఏడాది ఆలస్యం చిన్న విషయం కాదు.

దీన్ని తప్పించుకోవడానికి నాలుగు మాటలు వినిపిస్తాయి. నాలుగూ చెల్లవు.

"నా పాన్ కార్డులో తిరుపతి అడ్రసే ఉంది కదా." పాన్‌లో ఉన్న అడ్రసుతో పనిలేదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మీరు ఎక్కడ ఎన్ని రోజులు ఉన్నారన్నదే లెక్క. "నాది ఇండియన్ పాస్‌పోర్టే." పౌరసత్వం వేరు, నివాస హోదా వేరు. కువైట్‌లో పని చేసే పీలేరు డ్రైవరు కూడా పన్ను లెక్కలో ఎన్నారైయే. "జీపీఏ నాన్న పేరున ఉంది, ఆయనే సంతకం పెడతాడు." సంతకం నాన్నగారిది, అమ్మకం మీది. జీపీఏ అంటే మీ బదులు పని చేసే అధికారం రాసిచ్చిన పత్రమే, దాంతో అమ్మకందారు మారడు. "టీడీఎస్ కొనేవాళ్ల తలనొప్పి, మనకెందుకు." చట్టం పట్టుకునేది కొనేవారినే, నిజం. తక్కువ పట్టిన మొత్తానికి నెలకు 1 శాతం వడ్డీతో కలిపి నోటీసు వాళ్లకే వెళ్తుంది. ఆ నోటీసు వచ్చాక వాళ్లు మీ తమ్ముడి ఇంటి ముందు కూర్చుంటారు. పైగా అమ్మిన డబ్బు అమెరికాకు పంపడానికి బ్యాంకు ఆడిటర్ సర్టిఫికెట్ అడుగుతుంది. పన్ను సరిగా కట్టకుండా ఆ సర్టిఫికెట్ మీద ఏ ఆడిటరూ సంతకం పెట్టడు.

మరి చేయాల్సిందేమిటి

తక్కువ రేటుకు టీడీఎస్ పట్టమని ఆదాయపు పన్ను శాఖే ఇచ్చే సర్టిఫికెట్ ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మీరున్న చోటి నుంచే చేసుకోవచ్చు. పాత క్రయపత్రం, కొత్తగా రాసుకున్న అగ్రిమెంటు, లాభం లెక్క, గత రిటర్నులు, కొనేవారి వివరాలు జత చేయాలి. బాండ్లలో పెట్టే ఉద్దేశం ఉంటే లెక్కలోనే చూపించాలి. సర్టిఫికెట్‌కు సాధారణంగా నెల పడుతుంది, అధికారి ప్రశ్నలు అడిగితే ఇంకా ఎక్కువ. రెండు వారాల సెలవులో అయ్యే పని కాదు. టికెట్లు బుక్ చేసుకునే రోజునే మొదలుపెట్టాలి.

పని చెడేది మూడు చోట్ల. ఒకటి, అడ్వాన్సు. టీడీఎస్ రిజిస్ట్రేషన్ రోజున మాత్రమే పట్టేది కాదు, డబ్బు చేతులు మారిన ప్రతిసారీ పట్టాలి. సర్టిఫికెట్ వచ్చిన తేదీ తర్వాతి చెల్లింపులకే తక్కువ రేటు. ముందే సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకుంటే ఆ సగానికి పూర్తి రేటే. అగ్రిమెంటులో చిన్న టోకెన్ మొత్తం రాసుకుని, మిగతాది సర్టిఫికెట్ వచ్చాక అని స్పష్టంగా రాయించండి. రెండు, మార్చి 31. సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఫిబ్రవరిలో తీసుకుని, మంచి ముహూర్తమని ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ పెట్టుకుంటే మళ్లీ మొదటికే. మూడు, ఉమ్మడి ఆస్తి. భార్యాభర్తలిద్దరి పేరున ఉంటే ఇద్దరికీ వేర్వేరు సర్టిఫికెట్లు కావాలి. సగం వాటా ఇక్కడే ఉండే అమ్మది, సగం మీదైతే ఆమె వాటాకు ఇక్కడివారి లెక్క, మీ వాటాకు ఎన్నారై లెక్క.

కొనేవారు బ్యాంకు లోన్‌తో కొంటుంటే టీడీఎస్ సంగతి బ్యాంకుకూ ముందే చెప్పించండి. డీడీలు రాసేశాక మార్పించడం గోల. చలానా ఏ రూపంలో కట్టాలో వాళ్ల ఆడిటరు చూసుకుంటారు. మీరు చూడాల్సింది రేటు సరిగా ఉందా, మీ పాన్‌కు జమ పడిందా అన్నది.

తాతల నాటి ఆస్తి అయితే భయపడకండి. వారసత్వంగా వచ్చినదానికి నాన్నగారో తాతగారో కొన్న ధరే మీ ధర, ఆయన కొన్న తేదీ నుంచే కాలం లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీనాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు గానీ అది అప్పటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. ఆ విలువకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం ముందే తీసి పెట్టుకోండి. దాయాదుల అంచనాలు అధికారి ముందు నిలబడవు. సాగు భూమికి ఇంకో వెసులుబాటు ఉంది. లక్ష దాటి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణం పొలిమేర నుంచి గాలి దూరం 6 కిలోమీటర్లు దాటితే అది పన్ను లెక్కలో మూలధన ఆస్తే కాదు, అంటే అమ్మిన లాభం మీద ఈ పన్ను పడదు. తిరుపతి ఈ లెక్కలోకే వస్తుంది. దగ్గర్లో ఇంకో మున్సిపాలిటీ ఉంటే దాని దూరమూ చూడాలి. చిన్న పట్టణాలకు ఆ దూరం 2 కిలోమీటర్లే.

ఒక్క శాతంతో ఇప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోయి, ఇది చదివి గుండె జారినవారికి: దారి ఉంది. మీరు ఆ ఏడాది రిటర్ను వేసి, లాభం చూపించి, పన్ను పూర్తిగా కట్టేయండి. మీరు కట్టినట్టు ఆడిటర్ ఇచ్చే సర్టిఫికెట్‌తో కొనేవారు బాకీదారు ముద్ర నుంచి బయటపడతారు. మీరు రిటర్ను వేసిన తేదీ వరకు పడే వడ్డీ మాత్రం కట్టుకోవాలి. అందుకే నోటీసు కోసం ఎదురుచూడకండి, ప్రతి నెలా ఒక శాతం పెరుగుతూ ఉంటుంది.

ఒక సందు గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్ నుంచి ఇక్కడే ఉండి అక్టోబరులోనో ఆ తర్వాతో ఉద్యోగానికి వెళ్లినవారికి ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు నిండిపోతాయి. ఆ ఒక్క ఏడాదికి పన్ను లెక్కలో వాళ్లు రెసిడెంటే. అమ్మాలని ముందే అనుకుని ఉంటే ఆ మార్చి లోపు అమ్ముకోవడం సులువు.

అపోహ: పాత సేవింగ్స్ ఖాతా అలాగే వాడుకోవచ్చు, ఎవరూ అడగరు.

బ్యాంకు లెక్క వేరు, 182 రోజులతో సంబంధం లేదు. ఉద్యోగానికి విమానం ఎక్కిన నాటి నుంచే విదేశీ మారక చట్టం ప్రకారం మీరు నాన్ రెసిడెంట్. ఇక్కడి ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. ఇక్కడి అద్దె, పొలం కౌలు, అమ్మకం డబ్బు అన్నీ అందులోకే. అక్కడి జీతం పంపడానికి ఎన్‌ఆర్‌ఈ వేరుగా తెరవండి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, డబ్బు ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం, సెస్సుతో 31.2 శాతం టీడీఎస్ ఉంటుంది. టీడీఎస్ పట్టవద్దని ఇక్కడివారు బ్యాంకుకు ఇచ్చే ఫారం ఇచ్చి దాన్ని ఆపడం ఎన్నారైకి కుదరదు. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు పన్ను కట్టాక బయటికి పంపుకోవచ్చు, కాబట్టి "ఎన్‌ఆర్‌ఓలో పడితే డబ్బు ఇరుక్కుపోతుంది" అన్నదీ పుకారే. ఖాతా మార్చకుండా ఏళ్ల తరబడి వాడినవారు భయంతో దాచకుండా బ్యాంకుకు వెళ్లి మార్పించుకోవడమే మేలు. చట్టంలో జరిమానా సంబంధిత మొత్తానికి మూడు రెట్ల వరకు ఉంది.

అమ్మానాన్నలు మీ ఖాతా నడపాలంటే ఏటీఎం కార్డు, పిన్ వాళ్ల చేతిలో పెట్టకండి. దగ్గరి బంధువును "ఫార్మర్ ఆర్ సర్వైవర్" (మీరున్నంత కాలం ఖాతా మీది, ఆ తర్వాత వాళ్లది) పద్ధతిలో జాయింటుగా చేర్చవచ్చు, కానీ మీరుండగా వాళ్లు దాన్ని నడపాలంటే బ్యాంకు ఫారంలో అధికారం రాసివ్వాలి. మీరు వాళ్లకు ఇంటి ఖర్చుకు పంపే డబ్బు మీద వాళ్లకు పన్ను లేదు, ఎంత పంపినా సరే.

ఆధార్-పాన్ లింకు ఎన్నారైలకు తప్పనిసరి కాదు. కానీ మీరు ఎన్నారై అని శాఖ రికార్డుల్లో లేకపోతే పాన్ పనిచేయకుండా పోయి ఉండవచ్చు. రిఫండు ఆగుతుంది, టీడీఎస్ రేటు పెరుగుతుంది. స్థలం బేరం పెట్టేముందు పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

అపోహ: అక్కడ నోటరీ చేయించి వాట్సాప్‌లో పంపితే జీపీఏ అయిపోయినట్టే.

కాదు. అసలు కాగితం రావాలి. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో నోటరీ చేయించి అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించండి, లేదా భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి. కువైట్‌లో ఉన్నవారికి భారత రాయబార కార్యాలయమే దారి. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పని అవుతుంది. ఆ గడువు దాటించుకుని వచ్చేవారే ఎక్కువ. ఏ సర్వే నంబరు, ఎన్ని అంకణాలు, ఏ పని కోసం అన్నది విడివిడిగా రాయించండి. "నా ఆస్తులన్నీ, అన్ని పనులకూ" అని రాసిచ్చే జీపీఏ తమ్ముడి మీద ఎంత నమ్మకం ఉన్నా వద్దు. రాసిచ్చినవారు చనిపోతే ఆ జీపీఏ చెల్లదు. జీపీఏ ఒక్కటి చేతిలో పెట్టుకుని ఆస్తి కొన్నట్టు కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

మిగతావి గబగబా. ఎన్నారై అయినా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనకూడదు. దామలచెరువు వైపు మామిడి తోట ఎంత చవకగా వచ్చినా అంతే. వారసత్వంగా రావచ్చు, వెళ్లకముందు కొన్నది ఉంచుకోవచ్చు, అమ్మితే ఇక్కడ నివాసం ఉండేవారికే. పీపీఎఫ్ కొత్తగా తెరవలేరు, పాతది గడువు వరకు నడుస్తుంది, పొడిగింపు లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై ఆధార్ కోసం 182 రోజులు ఆగనక్కర్లేదు, వచ్చిన వారంలోనే నమోదు చేసుకోవచ్చు. ఓసీఐ అంటే రెండో పౌరసత్వం కాదు, ఓటు ఉండదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న దంపతులకు అక్కడ బిడ్డ పుడితే ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో జనన నమోదు చేయించండి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఓసీఐ ఉన్న పిల్లలకు 20 ఏళ్ల లోపు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ మూడు నెలల్లో దాని కాపీ, ఫొటో ఓసీఐ పోర్టల్‌లో ఎక్కించాలి.